కేబుల్ తీయించిన పెన్షనరు జమాఖర్చు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 భోజనాలకు ముందు ఉపన్యాసం పెట్టడం మన సంఘంలో ఆనవాయితీ. వక్త ఎక్కువసేపు మాట్లాడకుండా ఉండేందుకే ఈ ఏర్పాటని నా అనుమానం. అందుచేత నేరుగా విషయంలోకి వస్తాను.

పోయిన సమావేశంలో డి.ఆర్. బకాయిల చర్చ అయ్యాక టీ తాగుతుంటే ఒక సభ్యులు నన్ను అడిగారు. "మీరు కేబుల్ కనెక్షన్ తీయించేశారట గదా, అంతా ఇంటర్నెట్టులోనే చూస్తున్నారట గదా, నెలకెంత మిగులుతోందండీ?" అని. ఆ మాట వినగానే చుట్టూ పదిమంది చేరారు. పెన్షను పెంచే జీవో వచ్చిందన్నా అంత త్వరగా చేరరేమో. కార్యదర్శిగారు అది గమనించి, ఈసారి దాని మీదే మాట్లాడండి అన్నారు. సరే అన్నాను. కాని ఇంటికి వెళ్లి నా నోట్‌బుక్కు తీసి, మొదటి పేజీ నుంచి కూడి చూసుకుంటే, మీరు అనుకుంటున్న జవాబు అందులో లేదు.

నేను ట్రెజరీ శాఖలో గుమస్తాగా చేరి, పాలకొండ, టెక్కలి, బొబ్బిలి, విజయనగరం తిరిగి, 2009లో యాభై ఎనిమిదేళ్లు నిండి శ్రీకాకుళంలో రిటైరయ్యాను. లెక్క రాయకుండా అర్ధరూపాయి ఖర్చుపెట్టిన మనిషిని కాను. మా ఇంట్లో టీవీ పద్దుకు ఒక చరిత్ర ఉంది. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక, ఆదివారం ఉదయం మా పిల్లలు పక్కింటి గుమ్మం దగ్గర నిలబడుతున్నారని చూసి, సొసైటీలో అప్పు తీసి ఈసీ కంపెనీవారి బ్లాక్ అండ్ వైట్ టీవీ కొన్నాను. హైదరాబాదు ఈసీఐఎల్ వారి టీవీ అది. డాబా మీద యాంటెన్నా తిప్పుతూ ఒకరు, కింద నుంచి "వచ్చింది, పోయింది" అని కేకలు వేస్తూ ఒకరు. నెలవారీ ఖర్చు సున్న.

మా వీధికి కేబుల్ 1994లో వచ్చింది. ఒకాయన వెదురు నిచ్చెన భుజాన వేసుకొని, నల్లవైరు చుట్ట మోసుకుంటూ, ఈ కొబ్బరిచెట్టు నుంచి ఆ స్తంభానికి, ఆ స్తంభం నుంచి మా సన్‌షేడ్‌కు లాగాడు. నెలకు అరవై రూపాయలు. మరుసటి ఏడు, 1995లో, జెమినీ, ఈటీవీ రెండూ వచ్చాయి. కేబుల్ టెలివిజన్ చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో పాలవాడు, పేపరువాడు, కేబుల్‌వాడు ముగ్గురూ నెల మొదటివారం మనుషులయ్యారు. తరవాత ఆ పెద్దాయన పోయాడు. ఆయన కొడుకు రావడం మొదలుపెట్టాడు. సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. అరవై కాస్తా వంద, వందాయాభై, రెండు వందలు అయింది. మనం దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

ఆలోచించవలసిన సమయం 2019లో వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త టారిఫ్ అమలులోకి వచ్చింది. మీకు గుర్తుండే ఉంటుంది, ప్రతి ఇంట్లోనూ చానెళ్ల జాబితా పట్టుకు కూర్చున్నాం. ఆ ఉత్తర్వు సారాంశం చెబుతాను. వంద చానెళ్ల వరకు నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 153 రూపాయల 40 పైసలు. దాని పైన డబ్బు కట్టి చూసే చానెళ్లకు ఒక్కోదానికి విడిగా ధర. చందాదారుడికి ఏది కావాలంటే అదే కొనుక్కునే హక్కు. కంపెనీలు చానెళ్లను గుత్తిగా కలిపి అమ్మదలిస్తే ఆ గుత్తిలో చేర్చే చానెల్ విడిధర 19 రూపాయలు మించకూడదన్నారు. పెద్ద తెలుగు చానెళ్లన్నీ ఆ 19కి అటూ ఇటూ కూర్చున్నాయి. 2020లో ఆ 130 రూపాయలకే రెండు వందల చానెళ్లు ఇవ్వాలని సవరించారు.

మంచి ఉత్తర్వే. రూలు మనవైపే ఉంది. కాని మా కేబుల్ కుర్రాడు కాగితం తెచ్చి, "బాబుగారూ, ఏయే చానెల్ కావాలో టిక్కు పెట్టండి" అన్నప్పుడు నేనేం చేశాను? ముప్పై అయిదేళ్లు బిల్లులు ఆడిట్ చేసిన మనిషిని, ఆ నాలుగు పేజీల జాబితా చూసి, "మిగతావాళ్లు ఏం తీసుకున్నారు?" అని అడిగాను. "అందరూ ఈ ప్యాకే తీసుకున్నారు బాబూ" అన్నాడు. "అయితే మాకూ అదే వెయ్యి" అన్నాను. ఈ ఒక్క మాటకు నేను అయిదేళ్లు డబ్బు కట్టాను. మలయాళం సినిమా చానెలుకు, ఇంగ్లీషు పిల్లల చానెలుకు, పేరైనా తెలియని ఆటల చానెలుకు.

మధ్యలో మన రాష్ట్రంలో ఒక ప్రయోగం జరిగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగి, నెలకు 149 రూపాయలకే టీవీ చానెళ్లు, ఇంటర్నెట్టు, టెలిఫోను మూడూ ఇస్తామన్నారు. ఊళ్లోని కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇచ్చారు. ధర తరవాత పెరిగింది. మనలో కొందరు తీసుకున్నారు, నేను తీసుకోలేదు. అయితే టీవీ, ఇంటర్నెట్టు ఒకే తీగలో ఇంటికి వస్తాయన్న సంగతి మన పల్లెలకు మొదట తెలిసింది దాని ద్వారానే. అందుకే చెప్పాను.

మా ఇంటికి ఇంటర్నెట్టు లైను 2020లో వచ్చింది. లాక్‌డౌన్‌లో మా అబ్బాయి కుటుంబంతో సహా బెంగళూరు నుంచి వచ్చి, వరండాలో బల్ల వేసుకొని ఆఫీసు పని చేశాడు. మనవడికి పాఠాలు కూడా అందులోనే. ఆ రోజుల్లో దూరదర్శన్ వారు మార్చి 28 నుంచి మళ్లీ రామాయణం వేస్తే మూడు తరాలవాళ్లం కలిసి చూశాం. అది కేబుల్లోనే. వాళ్లు తిరిగి వెళ్లిపోయాక లైను ఉండిపోయింది. వీడియోలో మనవడిని చూడటానికి ఉండనిద్దామని మా శ్రీమతి అంది. ఇప్పుడు నెలకు 449, జీఎస్టీతో 529 రూపాయల 82 పైసలు.

2024 సంక్రాంతికి అబ్బాయి వచ్చి కొత్త స్మార్ట్ టీవీ పెట్టాడు. "కేబుల్‌కు నెలకు 380 ఎందుకు నాన్నా? ఇంటర్నెట్టు ఎలాగూ ఉంది. అన్ని సీరియళ్లూ, సినిమాలూ యాప్‌లలో వస్తాయి. తీసేయండి" అన్నాడు. నేను కాగితం తీసుకున్నాను. కేబుల్ ఏడాదికి 4,560. ఇంటర్నెట్టు ఏడాదికి 6,357 రూపాయల 84 పైసలు. "ఇదే ఎక్కువ కదరా" అన్నాను. "అది ఇంటర్నెట్టు ఖర్చు నాన్నా, టీవీ ఖర్చు కాదు" అన్నాడు.

ఇక్కడ మన శాఖవాళ్లు నవ్వుతున్నారు. మార్చి నెలాఖరున ఒక హెడ్డులో డబ్బు లేకపోతే ఇంకో హెడ్డుకు వేసి బిల్లు పాస్ చేయించిన పాపం మనకూ ఉంది. అయినా వాడు చెప్పింది తప్పు కాదు. ఈ వ్యవహారమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే తేలుతుంది కనుక కాస్త నిలబడి చెబుతాను. ఇంటర్నెట్టు లైను మీ ఇంట్లో ఇంకో పని కోసం ముందే ఉంటే, పిల్లల కోసమో, కొడుకు ఉద్యోగం కోసమో, దాన్ని టీవీ పద్దులో వెయ్యనక్కర్లేదు. అప్పుడు కేబుల్ తీస్తే మిగిలే అవకాశం ఉంది. కేవలం టీవీ కోసమే కొత్తగా లైను వేయించుకుంటే మాత్రం మిగలదు. 380 తీసేసి 529 పెట్టినట్టు. ఆపైన ఓటీటీ చందాలు. ఆపైన, పాత టీవీ అయితే, దానికి తగిలించే పరికరమో కొత్త టీవీయో కొనాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు, నిజమే. కాని కొనడం తప్పలేదు గదా.

మా ఇంట్లో లైను ముందే ఉంది కనుక, ఫిబ్రవరిలో కేబుల్ కుర్రాడికి చెప్పేశాను. అతను ఏమీ అనలేదు. "మన యీదిలో ఇప్పటికి పద్నాలుగు కనెక్షన్లు పోనాయి బాబూ" అని మాత్రం అని, బాక్సు తీసుకొని వెళ్లాడు. తమాషా ఏమిటంటే, నాకు కమ్యుటేషన్ పదిహేనేళ్లు పూర్తయి పూర్తి పెన్షను వచ్చింది ఆ ఏడాదే. పెన్షను పెరిగిన ఏడాదే నెలకు 380 ఆదా చేయాలనిపించింది.

మొదటి ఏడాది ఖర్చు నోట్‌బుక్కులో ఉన్నది ఉన్నట్టు చదువుతాను. హాట్‌స్టార్ ఏడాది చందా 899. అప్పట్లో దాని పేరు డిస్నీ ప్లస్ హాట్‌స్టార్, 2025 ఫిబ్రవరి 14న జియో సినిమాతో కలిసి జియోహాట్‌స్టార్ అయింది. అమెజాన్ ప్రైమ్ 1,499. తెలుగు యాప్‌లు రెండు, ఒకటి సినిమాలకు, ఒకటి మా శ్రీమతి చూసే సీరియళ్లకు, కలిపి 1,248. మూడు పద్దులూ కలిపి 3,646. ఇంతవరకు బాగానే ఉంది. కేబుల్ కంటె 914 తక్కువ.

నాలుగో పద్దు ఆగస్టులో బయటపడింది. పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుంటే, నెలనెలా 249 రూపాయలు ఎక్కడికో పోతోంది. ఏడుసార్లు. వెరసి 1,743. బ్యాంకు కౌంటరులో అడిగితే, "ఆటోపే పెట్టారు సార్" అంది ఆ అమ్మాయి. నేనేమీ పెట్టలేదన్నాను. మనవడికి ఫోన్ చేస్తే, "సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక సినిమా చూద్దామని పెట్టాను తాతయ్యా, నువ్వే ఓటీపీ చెప్పావు" అన్నాడు. నిజమే. నేనే చెప్పాను. పండగనాడు, గారెలు తింటూ.

దాన్ని కలిపితే మొత్తం 5,389. కేబుల్ కట్టి ఉంటే 4,560. ఆదా చేసే ప్రయత్నంలో 829 రూపాయలు అదనంగా ఖర్చుపెట్టాను.

ఇందులో ఎవరినీ అనడానికి లేదు. రిజర్వు బ్యాంకు వారు 2021 అక్టోబరు 1 నుంచి పెట్టిన నిబంధన ప్రకారం, ఇలా నెలనెలా దానంతట అదే పోయే డబ్బుకు ఇరవై నాలుగు గంటల ముందు మనకు మెసేజి రావాలి. వెనక్కి వెళ్లి ఫోనులో వెతికితే ఆ మెసేజిలన్నీ ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్న మెసేజి చూడగానే మోసగాళ్లదేమో, ముట్టుకోకూడదు అని మనం ఒకరికొకరం చెప్పుకుంటున్నాం గదా, ఆ జాగ్రత్తతోనే చూడలేదు. మెసేజిలో ఉన్న లింకును ముట్టుకోకండి, అది సరైన జాగ్రత్తే. కాని మెసేజి చదవండి. మీరు డబ్బు పంపే యూపీఐ యాప్ తెరిస్తే అందులో ఆటోపే అనే భాగం ఉంటుంది. దేనికి ఎంత పోతోందో జాబితా కనిపిస్తుంది, అక్కడే రద్దు చేసుకోవచ్చు. కార్డు మీద పెట్టినదైతే అందులో కనిపించదు, బ్యాంకులో అడగాలి. ఇంకో సంగతి. కొన్ని ఇంటర్నెట్టు ప్లాన్లలో ఒకటి రెండు ఓటీటీలు కలిపే ఇస్తారు. అది తెలియక విడిగా కట్టి ఒకేదానికి రెండుసార్లు ఇస్తున్నవాళ్లు ఈ హాల్లోనే ఇద్దరున్నారని నాకు తెలుసు.

డబ్బు నష్టం సరే, దిద్దుకోవచ్చు. దిద్దుకున్నాను కూడా. ఇప్పుడు చెప్పబోయేవి నోట్‌బుక్కులో రాయడానికి ఏ హెడ్డూ దొరకనివి.

మా శ్రీమతికి డెబ్బై. కేబుల్ ఉన్న రోజుల్లో సాయంత్రం ఏడింటికి దీపం పెట్టి, టీవీ వేసి, ఎదురింటావిడను కేకేసేది. ఇద్దరూ సీరియల్ చూస్తూ చిక్కుళ్లు ఒలిచేవారు. ఆ సీరియళ్ల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. అది వేరే సంగతి. కొత్త టీవీ వచ్చాక రిమోటు నా చేతికి వచ్చింది. ఏ యాప్‌లో ఏది వస్తుందో నాకే తెలుసు. నేను ఉన్నప్పుడు పెట్టేవాణ్ని, చూసేది. ఒకరోజు మన సంఘం పని మీద విజయనగరం వెళ్లి రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాను. హాల్లో లైటు లేదు. టీవీ వెలుగుతోంది. తెర మీద గుండ్రటి బొమ్మలు నాలుగు, చూసేది ఎవరో ఎంచుకోమని ఇంగ్లీషులో అడుగుతోంది. ఆవిడ దాని ముందు కుర్చీలో కూర్చొని ఉంది. "ఎంతసేపట్నుంచి?" అన్నాను. "ఏడింటికి వేశానండీ. తప్పు బొమ్మ నొక్కితే డబ్బులు పోతాయన్నారుగా మీరు" అంది. ఎదురింటావిడ ఏదీ అంటే, ఆవిడ రావడం మానేసి చాలా రోజులయిందంది. వాళ్లింట్లో కేబుల్ ఉంది గదా, అక్కడే చూసుకుంటోంది.

అప్పటికి కేబుల్ తీసి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు.

రెండోది మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. మన లోకల్ చానెల్ అడుగున స్క్రోలింగ్ వస్తుంటుంది. నీళ్లు ఏ వార్డుకు రావు, ఫలానా చోట రక్తం కావాలి, ఫలానావారు పరమపదించారు, అంత్యక్రియలు ఇన్ని గంటలకు. పెద్ద పెద్ద ఓటీటీలలో ప్రపంచమంతా ఉంది గాని ఆ స్క్రోలింగ్ లేదు. పాలకొండ సబ్‌ట్రెజరీలో నాతోపాటు ఒకే బల్ల మీద మూడేళ్లు పనిచేసిన మిత్రుడు, మధ్యాహ్నం నా క్యారేజీలో పచ్చడి తనకూ, తన క్యారేజీలో కూర నాకూ అన్నట్టు బతికినవాడు, ఆ ఏడాది నవంబరులో పోయాడు. పేరు చెప్పనక్కర్లేదు. ఈ హాల్లో ఆయన కూర్చునే కుర్చీ మీకందరికీ తెలుసు. మీలో చాలామంది వెళ్లారు. నేను ఉంటానని మీరు అనుకున్నారు, నాకు తెలిసే ఉంటుందని అందరూ అనుకున్నారు. పిల్లలు విదేశాల నుంచి వచ్చారు, వాళ్ల దగ్గర నా నంబరు లేదు. పదకొండో రోజున ఎదురింటావిడ వీధిలో కనబడి, "మీ స్నేహితులు గదా అన్నయ్యగారూ, కేబుల్లో వేశారు, మీరు చూళ్లేదా?" అంది.

వెళ్లాను. గోడకు ఫొటో, దండ, దీపం. ఆయన భార్య, "ఆ రోజు మీకోసం చాలాసేపు చూశానన్నయ్యగారూ" అన్నారు. కేబుల్ తీయించేశామమ్మా, అందుకని తెలియలేదు అని చెప్పలేకపోయాను. ఊళ్లో లేనన్నాను.

మరునాడు కేబుల్ కుర్రాడికి ఫోన్ చేశాను. సాయంత్రం వచ్చాడు. నిచ్చెన వేసి సన్‌షేడ్ మీద నుంచి వైరు చుట్ట కిందికి దింపాడు. "తీయనేదా?" అన్నాను. "తీయనేదు బాబూ. సుట్ట సుట్టి పైనే పెట్టీసినాను. మీరు మళ్లీ పిలుస్తారని కాదు. ఆ వైరు మా నాయిన యేసింది" అన్నాడు.

ఈసారి చానెళ్ల జాబితా తెమ్మన్నాను. నేనూ, మా శ్రీమతీ, అతనూ ముగ్గురం కూర్చున్నాం. ప్యాకు వద్దు, విడిగానే అన్నాను. "ఎవరూ అలా అడగరు బాబూ" అన్నాడు, కాని ఇచ్చాడు. నెట్‌వర్క్ రుసుము జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. ఆవిడకు కావలసిన తెలుగు చానెళ్లు నాలుగు, ఒక్కోటి 19 చొప్పున 76, జీఎస్టీతో 89 రూపాయల 68 పైసలు. వెరసి 243 రూపాయల 8 పైసలు. చిల్లర లేకుండా 250 ఇస్తున్నాను. లోకల్ చానెల్, దూరదర్శన్ సప్తగిరి, ఎస్వీబీసీ వాటికి విడిగా ధర లేదు. ఏడాదికి 3,000. దానితోపాటు ఒకే ఒక్క ఓటీటీ, 899. మొత్తం 3,899. పాత కేబుల్ బిల్లు 4,560 కంటె 661 తక్కువ. అంటే నేను మిగుల్చుకున్నది కేబుల్ తీసేసినందువల్ల కాదు, 2019లో చేయవలసిన టిక్కులు 2024లో చేసినందువల్ల.

ఒక హెచ్చరిక. ఆ 130 రూపాయల గరిష్ఠ పరిమితిని ట్రాయ్ 2024 జూలైలో ఎత్తివేసింది. ఆపరేటర్లే నిర్ణయించుకోవచ్చు. కాబట్టి మీ దగ్గర ఎంత వేస్తున్నారో బిల్లు అడిగి చూసుకోండి. చానెళ్ల ధరలూ మారుతుంటాయి. నా లెక్క నా ఇంటిది.

ఓటీటీ వద్దని నేను అనడం లేదు. విజయనగరం సోదరులు సిరిమానోత్సవాన్ని కేబుల్లోనే చూడాలని పట్టుబడతారు గాని, ఇప్పుడది యూట్యూబులో ప్రత్యక్షంగా వస్తోంది. అమెరికాలో ఉన్న మీ పిల్లలు చూసేది అలాగే. 2020 ఉగాదికి వచ్చిన ఆహా మొదలు తెలుగుకే ప్రత్యేకమైన యాప్‌లు ఉన్నాయి, మంచి సినిమాలున్నాయి. అయితే నాలుగూ ఒకేసారి కట్టనక్కర్లేదు. మూడు నెలలు ఒకటి, అది అయిపోయాక ఇంకోటి. మనం రోజుకు చూసేది రెండు గంటలు, నాలుగు చందాలెందుకు? డబ్బు కట్టినా ప్రకటనలు తప్పడం లేదు కూడా. ప్రైమ్‌లో 2025 జూన్ నుంచి మన దేశంలోనూ ప్రకటనలు మొదలయ్యాయి. అవి లేకుండా చూడాలంటే ఏడాదికి ఇంకో 699 అన్నారు. నేను దాన్ని పొడిగించలేదు.

ఏమీ కట్టలేని సభ్యులున్నారు. ముఖ్యంగా కుటుంబ పెన్షను మీద బతుకుతున్న సోదరీమణులు. వారికి దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంది. 2004లో మొదలయింది. గొడుగు, పెట్టె ఒకసారి కొంటే నెలనెలా కట్టేది లేదు. సీరియళ్ల పెద్ద తెలుగు చానెళ్లన్నీ అందులో దొరకవు, అది ముందే తెలుసుకొని కొనండి. ఫోనులో డేటా ఉంటే ప్రసార భారతి వారు 2024 నవంబరులో వేవ్స్ అనే ఉచిత యాప్ పెట్టారు. పాత దూరదర్శన్ కార్యక్రమాలు అందులో ఉన్నాయి.

ఇంటర్నెట్టు లైను ఉన్నవాళ్లకు ఒక మాట. దాన్ని టీవీకే పరిమితం చేయకండి. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ఉంది. ఇప్పుడు ఫోనుకు ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. మోకాళ్ల నొప్పులతో ఆటో కట్టించుకొని ట్రెజరీకి వచ్చే ఖర్చు ఆ పద్దులో మిగుల్చుకోండి. నా లెక్కలో ఆ ఆటో చార్జీలు కలపలేదు, కలిపితే ఇంకాస్త బాగుండేది.

పలాస, సోంపేట, కవిటి వైపు నుంచి వచ్చినవారికి ఇది చెప్పడం సాహసమే అయినా చెబుతాను. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. ఆ రోజుల్లో కేబులూ లేదు, ఫైబరూ లేదు, కరెంటే లేదు. తీగలన్నీ ఒకే స్తంభం మీద ఉన్నప్పుడు అన్నీ ఒకేసారి పడతాయి. బ్యాటరీలు వేసిన ట్రాన్సిస్టరు, విశాఖపట్నం ఆకాశవాణి, అంతే ఉన్నది. అటక మీద మీ పాత రేడియో ఉంటే పారెయ్యకండి.

భోజనాలు సిద్ధమయ్యాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. నా నోట్‌బుక్కు ఈ బల్ల మీద పెడుతున్నాను. చూడదలచినవారు చూడవచ్చు, పేజీలు మాత్రం చింపవద్దు. భోజనాలయ్యాక ఒక గంట వెనక వరండాలో కూర్చుంటాను. ఫోనులో ఆటోపే ఎక్కడుందో తెలియనివారు ఫోను, కళ్లజోడు తెచ్చుకోండి. ఓటీపీ మాత్రం నాకు కూడా చెప్పకండి. ఏడింటి లోపల నేను ఇల్లు చేరాలి. సీరియల్ చూడటానికి కాదు, ఎదురింటావిడ వచ్చేసరికి చిక్కుడుకాయలు కొని తెమ్మంది.